కార్చిచ్చు ముందు నాయకుడెవరు? — సూరతు సీమ అడవుల చరిత్ర

సూరతు నగరమనగానే మనవారికి జరీ, పట్టు, వజ్రములు, మగ్గముల చప్పుడు జ్ఞప్తికి వచ్చును. తెలంగాణమునుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబములెన్నియో ఈ మగ్గముల నడుమనే జీవనము గడుపుచున్నవి. కాని ఈ రేవుపట్టణపు పూర్వవైభవమునకు మగ్గముతోపాటు మఱొక ఆధారము కూడ నుండెను. అది తూర్పుదిక్కున నున్న అడవి. తాపీనది వెంబడి తూర్పుగా సాగి, మాండ్వి, వ్యారా ప్రాంతములు దాటి ఆగ్నేయమునకు మరలినచో, సహ్యాద్రి కొండల అంచున డాంగు అడవులు కానవచ్చును. 1,764 చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల ఆ డాంగు జిల్లాలో పూర్ణ, అంబిక, గిరా, ఖాప్రీ నదులు పాఱుచున్నవి. టేకునకును వెదురునకును అది పుట్టినిల్లు.

1736లో సూరతునుండి బొంబాయికి పోయి అచ్చటి ఓడల కర్మాగారమునకు పునాది వేసిన లౌజీ నసర్వాంజీ వాడియా ఈ సూరతు వడ్రంగియే. ఆయన వంశీయులు బొంబాయిలో టేకుతో కట్టిన ‘కార్న్‌వాలిస్’ అను యుద్ధనౌకమీదనే 1842లో ఆంగ్లేయులకును చీనాకును నాన్‌కింగు సంధి జరిగెను. అదే 1842వ సంవత్సరమున ఆంగ్లేయులు డాంగు అడవులలోని కలపను భిల్లు రాజులనుండి కౌలునకు తీసికొనిరి. ఓడలకు టేకు కావలెను. టేకునకు అడవి కావలెను. అడవిని కాపాడుటకు నిప్పును అదుపులో నుంచవలెను. ఈ మూడవ పనిని ఎవరు చేయవలెను, ఎవరి ఆజ్ఞతో చేయవలెను అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

మొదట ఆ నిప్పు స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. డాంగు అడవి ఆకురాల్చు అడవి. మాఘమాసము దాటినది మొదలు టేకు తన పెద్ద ఆకులను రాల్చును. చైత్రమునాటికి నేలయంతయు ఎండుటాకుల పరుపు పఱచినట్లుండును. ఇచ్చటి కార్చిచ్చు సాధారణముగా చెట్ల తలలమీదుగా దుముకునది కాదు, నేలనంటి ప్రాకునది. చూచుటకు మంట చిన్నది. కాని గాలి మళ్ళినపుడును, కొండవాలున మీదికి ఎక్కునపుడును దాని వేగము ఇనుమడించును. వాలుపై మంటకు ఎగువన నిలుచుట ప్రాణాపాయము.

ఆర్పుటకు నీరు చాలదు, చాలినను అందదు. పచ్చికొమ్మలతో మంటను కొట్టుట యొక పద్ధతి. ఆకు అలము ఊడ్చి నేలను బాటవలె బయలుపఱచి నిప్పునకు ఆహారము లేకుండ చేయుట మఱొకటి. దీనినే అటవీశాఖవారు ఫైరు లైను అందురు. మూడవది, వచ్చుచున్న మంటకు ముందుగా కొంతదూరమున ఎదురునిప్పు పెట్టి, నడుమనున్న ఆకును కాల్చివేయుట. ఇది అన్నిటికంటె శక్తిమంతము, అన్నిటికంటె అపాయకరము. ఏ గాలిలో పెట్టవలెను, ఏ గట్టున పెట్టవలెను, ఏ క్షణమున పని విడిచి అందఱిని వెనుకకు రమ్మని కేకవేయవలెను అని ఎఱిగినవాడే నాయకుడు. ఆ యొక్క నిర్ణయములో పదిమంది ప్రాణములు ఇమిడియుండును. కనుక కార్చిచ్చు చరిత్ర యనగా, ఆ నిర్ణయము చేయు అధికారము ఎవరి చేతినుండి ఎవరి చేతికి మాఱినదను చరిత్రయే.

పూర్వము ఆ అధికారము అడవిలో నివసించువారిదే. డాంగులో భిల్లులు, కొంకణాలు, వార్లీలు మున్నగు జనులు కలరు. గాఢ్వి, అమలా, వాసుర్ణా, పింప్రి, లింగా అను సంస్థానములను భిల్లు రాజులు ఏలుచుండిరి. వారికి లోబడి నాయకులను బిరుదుగల చిన్న దొరలుండిరి. ఈ జనులకు నిప్పు శత్రువు కాదు, పనిముట్టు. ఇప్పపూవు రాలుకాలమున చెట్టుక్రింది ఆకులను కాల్చి నేలను శుభ్రపఱచుకొందురు. పశువులకు లేతగడ్డి మొలచుటకై ఎండుగడ్డిని కాల్చుదురు. కొమ్మలను, ఆకులను మడిలో పఱచి కాల్చి, ఆ బూడిదలో చోళ్ళ నారు పోయుదురు. పడమటి కనుమల ప్రాంతమున ఈ పద్ధతికి రాబు అని పేరు. మన తూర్పు కనుమలలో పోడు వ్యవసాయమును చూచినవారికి ఇది క్రొత్తవిషయము కాదు. నిప్పు పెట్టుట నేర్చినవాడు నిప్పును ఆపుటయు నేర్చును. తండ్రి వెంట కుమారుడు నడచి, గాలిని, గడ్డి తడిని, వాలును చూచి నేర్చుకొనిన ఈ విద్యకు పట్టము లేదు, పదవి లేదు. ఊరిలో దానిని బాగుగా ఎఱిగినవాని మాటయే చెల్లుబడి యగుచుండెను.

ఆంగ్లేయ అటవీశాఖవారి దృష్టి వేఱు. 1864లో డీట్రిక్ బ్రాండిస్ భారతదేశపు మొదటి అడవుల ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమింపబడెను. ఆ దశకముననే మధ్యరాష్ట్రములలోని బోరీ అడవిలో పియర్సన్ అను సైనికాధికారి, అడవిని నిప్పునుండి పూర్తిగా కాపాడవచ్చునని చేసి చూపెను. అంతకుముందు అది అసాధ్యమని పలువురు తలంచుచుండిరి. 1865, 1878 సంవత్సరముల అటవీ చట్టములతో రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరమైనది. డాంగులో కూడ క్రమముగా రిజర్వు హద్దులు వెలసెను. 20వ శతాబ్దారంభమునాటికి ఈ ప్రాంతపు రాజకీయ పరిపాలన సూరతు కలెక్టరుతో ముడివడెను. అడవినుండి కలప తెచ్చుటకై బిలిమోరానుండి వఘయి వఱకు బరోడా గాయక్వాడు ప్రభుత్వము చిన్నగేజి రైలుమార్గము వేసెను.

ఈ క్రొత్త వ్యవస్థలో ఉద్యోగపు నిచ్చెన యొకటి ఏర్పడెను. దాని నిర్మాణము గమనింపదగినది. పై మెట్టున ఇంపీరియలు సర్వీసు. 1867 మొదలు దీనికి ఎన్నికైన ఆంగ్లేయ యువకులు ఫ్రాన్సు, జర్మనీ దేశములలో శిక్షణ పొందిరి. 1885 మొదలు ఇంగ్లాండులోని కూపర్స్ హిల్ కళాశాలలోను, 1905 పిమ్మట ఆక్సుఫర్డులోను చదివిరి. నడిమి మెట్టున రేంజరులు. వీరి శిక్షణకై 1878లో డెహ్రాడూనులో అటవీ పాఠశాల స్థాపింపబడెను. దక్షిణదేశమునకై 1912లో కోయంబత్తూరులో కళాశాల ఏర్పడెను. భారతీయులు సామాన్యముగా చేరగలిగినది ఈ మెట్టువఱకే. క్రింది మెట్టున ఫారెస్టరులు, గార్డులు. వారికిని క్రింద, నిచ్చెనకు చెందని నేలమీద, వేసవి మాసములకు మాత్రము కూలికి పెట్టుకొనబడిన కావలివాండ్రు. నిప్పు విద్య తెలిసిన భిల్లు ఈ చివరి స్థానమున నిలిచెను. ఆజ్ఞ పైనుండి దిగుచుండెను. అనుభవము క్రిందనే యుండిపోవుచుండెను. రెండింటికి నడుమ మెట్లు లేవు.

ఈ యెడబాటు ఫలితము త్వరలోనే కనబడెను. 20వ శతాబ్దపు తొలి దశకములలో డాంగు భిల్లులు పలుమాఱులు తిరుగబడిరి. అటవీశాఖ పట్ల వారి కోపము అడవికి నిప్పుపెట్టు రూపమున కూడ వెలువడెను. మన మన్యమున 1879 నాటి రంప తిరుగుబాటునకును, 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున సాగిన పోరాటమునకును పోడుమీది ఆంక్షలు, అడవి చట్టముల బాధ ముఖ్యకారణములలోనివే. 1921లో హిమాలయ ప్రాంతమగు కుమావూనులో అడవులు పెద్దయెత్తున తగులబెట్టబడెను. అచ్చటి ప్రభుత్వము ప్రజల ఫిర్యాదులను విచారించుటకు ఒక సంఘమును నియమించెను. దాని ఫలితముగా 1931లో గ్రామస్థుల అటవీ పంచాయతులకు నియమావళి యేర్పడెను. నిప్పును ఆర్పవలసినవాడే నిప్పు పెట్టువాడైనచో, ఎంతటి అధికారియైనను చేయగలిగినది లేదని పాలకులు అప్పటికి గ్రహించిరి.

శాస్త్రము కూడ కొంత వెనుకకు తిరిగి చూడవలసివచ్చెను. నిప్పును పూర్తిగా నిషేధించిన బర్మా టేకు అడవులలో క్రొత్త టేకు మొక్కలు సరిగా లేచుట లేదని అటవీశాస్త్రజ్ఞులే చెప్పసాగిరి. వేసవి ముదురకముందే, గాలి నెమ్మదిగానున్న దినములలో, తక్కువ ఆకును తక్కువ మంటతో కాల్చివేయు పద్ధతి క్రమముగా శాఖాపద్ధతులలో చోటు సంపాదించెను. అడవిలో నివసించువారు తరతరములుగా ఎఱిగిన సంగతికి ఇది చాల దగ్గఱ. అయితే వారు పెట్టిన ప్రతి నిప్పును మేలు చేసినదనుట సత్యము కాదు. ఏటేట కాలిన నేలలో లేతమొక్క బ్రదుకదు. కొండమన్ను వానకు కొట్టుకొనిపోవును. ఏ యేడు కాల్చవలెను, ఏ యేడు మానవలెను అను వివేకమే ముఖ్యము. ఆ వివేకమునకు పుస్తకమును, పాదములకంటిన అనుభవమును రెండును కావలెను.

ఈ రెండును కలియనిచో ఏమగునో దూరదేశపు చరిత్ర యొకటి స్పష్టముగా తెలుపును. 1949 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని మోంటానా రాష్ట్రమున మాన్ గల్చ్ అను లోయలో కార్చిచ్చు చెలరేగెను. విమానమునుండి గొడుగులతో దిగిన దళమును నడిపినవాడు వాగ్నర్ డాడ్జ్. గడ్డితో నిండిన వాలున మంట వారిని తఱుముకొని వచ్చెను. పరుగెత్తి తప్పించుకొనుట సాధ్యము కాదని గ్రహించి, డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పుపెట్టి, అది కాలిన బూడిదలో పండుకొని, ఇతరులను కూడ అందులోనికి రమ్మని పిలిచెను. ఎవరును రాలేదు. ప్రాణము కాపాడుకొనుటకు నిప్పు పెట్టుట వారికి బోధపడలేదు. ఆ దళము పలుచోట్లనుండి సమకూర్చబడినది. వారందఱును కలిసి అతని క్రింద పనిచేసినవారు కారు. 13 మంది మరణించిరి. డాడ్జ్ బూడిదలో బ్రదికెను. మఱి ఇద్దఱు గట్టెక్కి బ్రదికిరి. నాయకునికి విద్య యుండెను, పదవియు నుండెను. తన వారి నమ్మకమును ముందుగా సంపాదించుకొను అవకాశము మాత్రము అతనికి లేకపోయెను.

ఇట్టి మరణములనుండి ఆ దేశమువారు పాఠములు నేర్చిరి. 1957లో మంటముందు పాటింపవలసిన 10 ఆజ్ఞలను రూపొందించిరి. 1994లో కొలరాడో రాష్ట్రమున ఒకే కార్చిచ్చులో 14 మంది చనిపోయిన పిమ్మట నాయకత్వ శిక్షణ మఱింత కట్టుదిట్టమైనది. కార్యాలయములో మనిషి హోదా యేదైనను, మంటముందు అతని మెట్టు వేఱుగా లెక్కింపబడును. దళ సభ్యుడు మొదట నలుగురైదుగురికి పెద్దగా, పిదప దళనాయకుడుగా, తరువాత ఒక పార్శ్వమునకు పర్యవేక్షకుడుగా, చివఱకు ప్రధాననాయకుడుగా ఎదుగును. ప్రతి మెట్టునకును ఒక పనిపుస్తకము కలదు. అభ్యర్థి నిజమైన మంటముందు ఆ పని చేయుచుండగా, అనుభవజ్ఞుడు చూచి, పుస్తకములో సంతకము చేయవలెను. తరగతిగదిలో చదివిన చదువొక్కటే చాలదు; గడచిన సర్వీసు సంవత్సరములొక్కటే చాలవు.

మన దేశపు నిచ్చెన స్వాతంత్ర్యానంతరము చాల మాఱినది. 1924లోనే లీ కమిషను ఉన్నతోద్యోగములలో భారతీయుల పాలు పెంచవలెనని సిఫారసు చేసెను. 1938లో డెహ్రాడూనున ఇండియన్ ఫారెస్టు కాలేజి ప్రారంభమయ్యెను. స్వతంత్ర భారతమున డాంగు బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1వ తేదీన గుజరాతులో భాగమయ్యెను. 1966లో అఖిలభారత అటవీసర్వీసు పునఃస్థాపితమైనది. అందు మూడవవంతు స్థానములవఱకు రాష్ట్ర సర్వీసునుండి పదోన్నతిద్వారా నింపుటకు నియమావళిలో వీలు కలదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో సీనియారిటీ జాబితాలను, శాఖాపరీక్షలను, ప్రమోషను ఉత్తరువులను ఎఱిగినవారికి ఈ మాట విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. బీటు గార్డుగా చేరినవాడు ఫారెస్టరు కావచ్చును. ఫారెస్టరు రేంజి అధికారి కావచ్చును. రేంజరు తెల్లదొరకు మాత్రమే జవాబుచెప్పిన కాలము గతించెను.

నిచ్చెనకు వెలుపల నిలిచినవారి విషయమునను కొంత మార్పు జరిగినది. 1990లో కేంద్ర ప్రభుత్వము గ్రామస్థులను అటవీరక్షణలో భాగస్వాములను చేయవలెనని రాష్ట్రములకు తెలిపెను. గుజరాతు 1991లోను, ఆంధ్రప్రదేశ్ 1992లోను అందుకు పూనుకొనెను. మన ప్రాంతమున అవి వనసంరక్షణ సమితులను పేర వ్యాపించెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిని కాపాడు అధికారమును గ్రామసభకు కూడ ఇచ్చెను. నల్లమలలోని పులుల అభయారణ్యమున చెంచులు రక్షణ కావలివాండ్రుగా బేసు క్యాంపులలో పనిచేయుచున్నారు. ఏ దొనలో నీరుండునో, ఏ గట్టున గాలి మళ్ళునో వారికి తెలిసినంతగా పటమునకు తెలియదు.

వార్త అందు మార్గము మఱింత మాఱెను. పూర్వము కొండమీద నిలిచినవాడు పొగను చూచి పరుగెత్తవలెను. 2004 మొదలు డెహ్రాడూనులోని అటవీ సర్వే సంస్థ ఉపగ్రహములు పసిగట్టిన నిప్పుల స్థానములను రాష్ట్రములకు తెలుపుచున్నది. అట్టి ఉపగ్రహ సమాచారమును అందుకొను కేంద్రములలో హైదరాబాదునకు సమీపమున షాద్‌నగరులోని జాతీయ రిమోటు సెన్సింగు కేంద్రము ముఖ్యమైనది. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయము. ఇప్పుడు 375 మీటర్ల కొలతలో నిప్పు జాడ తెలియుచున్నది. దేశపు అటవీ విస్తీర్ణములో 36 శాతమునకు పైగా తఱచుగా నిప్పునకు గురియగు స్వభావము కలదని ఆ సంస్థయే లెక్కకట్టెను. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, ఆపద స్థలమున ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇయ్యవలెనో నిర్దేశించు మార్గదర్శకములను వెలువరించెను. 2018లో కార్చిచ్చులపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చెను.

అయినను, ఉపగ్రహము నిప్పును చూపగలదు కాని ఆర్పలేదు. 2014 మార్చిలో తిరుమల శేషాచలపు అడవులు మండినపుడు వాయుసేన హెలికాప్టరులు నీరు చల్లెను. కాని నేలమీద కొమ్మలు పట్టుకొని నిలిచినవారు లేక ఏ కార్చిచ్చును పూర్తిగా చల్లారదు. ఆ నిలిచినవారి సంగతి తలంచినపుడు మనస్సు కలతపడును. 2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిచూరు జిల్లాలో మంటలార్పుచు ముగ్గురు అటవీ కావలివాండ్రు మరణించిరి. 2024 జూను 13వ తేదీన ఉత్తరాఖండములోని బిన్సర్ అభయారణ్యమున నిప్పార్పబోయి నలుగురు బలియైరి. వారిలో ఒక బీటు ఉద్యోగి, ఒక కావలివాడు, ఒక దినకూలీ కూడ నుండిరి. నిచ్చెనలో అందఱికంటె క్రిందనున్నవారే మంటకు అందఱికంటె దగ్గఱనుందురు. వెనుకకు రండని కేకవేయు అధికారము వారిలో ఒకనికి ఉండవలెను. ఆ అధికారమునకు తగిన శిక్షణ, ఆ శిక్షణకు తగిన గుర్తింపు, ఆ గుర్తింపునకు తగిన పదోన్నతి ఉండవలెను. పదోన్నతి యనునది జీతపుపట్టికలోని మార్పు మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱొకటి లేదు.

డాంగు జిల్లా ముఖ్యపట్టణమగు ఆహ్వాలో నేటికిని ఏటేట హోళీకి ముందు డాంగు దర్బారు జరుగుచున్నది. పూర్వపు రాజుల వంశీయులు ఊరేగింపుగా వచ్చి ప్రభుత్వమునుండి తమ సాలుభరణమును అందుకొందురు. 1842 నాటి కౌలునకు అది చివఱి జ్ఞాపకము. ఆ ఉత్సవము జరుగు దినములలోనే టేకు ఆకు రాలును. ఆ దినములలోనే గార్డులును కావలివాండ్రును ఫైరు లైనులు శుభ్రము చేయుదురు. సూరతునుండి సాపుతారా కొండకు విహారమునకు పోవు తెలుగు కుటుంబములు ఆ త్రోవనే పోవును. బాట ప్రక్కన ఊడ్చిన నేల, నల్లగా కాలిన సన్నని పట్టీ కనబడినచో అది అడవికి కలిగిన నష్టము కాదని, అడవిని కాపాడుటకు ముందుగా చేసిన పనియని పిల్లలకు చెప్పవచ్చును.

ఇంకొక మాట. 1927 నాటి భారత అటవీచట్టపు 79వ సెక్షను ప్రకారము, అడవిలో హక్కులనుభవించువారు మాత్రమే కాక, అడవిని ఆనుకొనియున్న గ్రామమున నున్న ప్రభుత్వోద్యోగులు కూడ కార్చిచ్చు వార్తను తెలుపుటకును, ఆర్పుటలో తోడ్పడుటకును బద్ధులు. తపాలా ఉద్యోగియైనను, రైల్వే ఉద్యోగియైనను ఆ గ్రామమున పనిచేయుచున్నచో ఈ విధి అతనికిని కలదు. అట్టి సమయమున అచ్చట హోదాలు లెక్కకు రావు. కార్యాలయమున పెద్ద యుద్యోగియైనవాడు, మంటముందు ఒక భిల్లు కావలివాని మాట విని పని చేయవలసి రావచ్చును. విను ఓర్పు నేర్చినవాడే కాలక్రమమున చెప్పు అర్హత పొందును. సూరతు సీమ అడవులు 180 సంవత్సరములుగా బోధించుచున్న పాఠమిదియే.